దయతో ఇచ్చిన గది

మా లింగంపల్లిలో గోడ అంటూ కనిపిస్తే చాలు, దానిమీద ‘గది అద్దెకు ఇవ్వబడును’ అన్న కాగితం ఒకటి అంటించి ఉంటుంది. రైలు దిగి, స్టేషను మెట్లెక్కి, రోడ్డుమీదికి వచ్చేలోగా ఇలాంటివి ఇరవయ్యయినా చదవవచ్చు. ఇటు విశ్వవిద్యాలయం, అటు కంప్యూటరు కంపెనీలు. పిల్లలు వస్తూనే ఉంటారు, మేడలు లేస్తూనే ఉంటాయి. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక ఆ కాగితాల్లో అక్షర దోషాలు లెక్కపెట్టుకుంటూ నడవడం నాకలవాటు. ఈమధ్య ఒక సంగతి జరిగింది. అప్పటినుంచీ దోషాలు లెక్కపెట్టడం మానేసి, కాగితం చివరి పంక్తిలో ఏం రాశారా అని చూస్తున్నాను. ‘ఫలానావారికి మాత్రమే’ అన్నది ఉండేది ఆ చివరి పంక్తిలోనే.

నా దగ్గర బి.ఏ. చదివిన అమ్మాయి ఒకతె ఉంది. సిద్దిపేట వైపు పల్లెటూరు, ముసల్మానుల పిల్ల. తెలుగు ఎం.ఏ. చేసి ఇప్పుడు పరిశోధనలో చేరింది. తీసుకున్న విషయం పొన్నిగంటి తెలగన్న యయాతి చరిత్ర. ‘అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం గదా, అందుకని తీసుకున్నావా అమ్మా?’ అని అడిగితే, ‘ఊరు దగ్గర గద సార్, పటాన్‌చెరువు’ అని నవ్వింది. తెలగన్న ఆ కావ్యాన్ని అంకితమిచ్చింది పటాన్‌చెరువులో ఉండిన అమీన్‌ఖానుకు. ఈ అమీన్‌ఖాను గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా కింద పెద్ద అధికారి. మా ఇంటిముందు బస్సెక్కితే అరగంట ప్రయాణం. నాలుగు వందల ఏళ్ల కిందట అచ్చ తెలుగు కావ్యం పుట్టిన ఊరు ఇవాళ ఫ్యాక్టరీల ఊరుగానే మనకు తెలుసు.

ఆ పిల్లకు గది కావాలి. మా వీధి చివర ఒక రిటైరయిన ఇంజనీరుగారు ఉన్నారు. నాకు స్నేహితులు, మంచివారు. పొద్దున కలిసి నడుస్తాం, సాయంత్రం కలిసి దేశాన్ని బాగుచేస్తాం. వారింట్లో కింది భాగం ఖాళీగా ఉంది. అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన గది చూపించారు, అద్దె చెప్పారు, మంచినీళ్లు వచ్చే వేళ చెప్పారు. తరువాత పేరడిగారు. అమ్మాయి పేరు చెప్పింది. ఆయన నన్ను కొంచెం పక్కకు పిలిచారు.

“మాస్టారూ, నాకేం అభ్యంతరం లేదండీ. ఇంట్లో పెద్దవాళ్లు, పూజలు, వంటలు... మీకు తెలియనిదేముంది?”

అప్పుడు నేను చేసిన వాదన ఇవాళ తలుచుకుంటే నాకే చెవులు వేడెక్కుతాయి. ‘ఈ పిల్ల అలాంటిది కాదండీ’ అన్నాను. ఎలాంటిది కాదో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు, ఇద్దరికీ అర్థమైపోయింది. ‘భాగవతం పద్యాలు మనకంటే బాగా చదువుతుంది. గదిలో నీచు వండదు. నాది పూచీ’ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ‘సరే, మీ మొహం చూసి ఇస్తున్నాను’ అన్నారు. నేను విజయగర్వంతో బయటికి వచ్చాను.

అమ్మాయి వీధి మలుపుదాకా మాట్లాడలేదు. అక్కడ ఆగి మెల్లిగా అంది: “నాకా గది వద్దు సార్. ఆయన గది నాకివ్వలేదు, మీకిచ్చిండ్రు.”

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నాకు కోపం వచ్చింది. ఇంత శ్రమపడి ఒప్పిస్తే ఇదా కృతజ్ఞత అనుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ విన్నది గాని అవుననలేదు, కాదనలేదు. నేను అలిగి మేడమీది గదిలోకి పోయి, నా పుస్తకాల గుట్టల మధ్య కూర్చున్నాను.

పుస్తకాల మధ్య కూర్చున్నవాడికి మొదట తోచేది పుస్తకంలో సంగతే. నాకు అమీన్‌ఖాను గుర్తొచ్చాడు, ఆయన వెనక ఆయన ప్రభువు ఇబ్రహీం. 1550 నుంచి 1580 దాకా గోలకొండ ఏలిన ఈ ఇబ్రహీం, గద్దె ఎక్కకముందు అన్నగారికి జడిసి విజయనగరం పారిపోయి అళియ రామరాయల నీడన ఏడేళ్లు తలదాచుకున్నాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడంటారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. మన కవులు ఆ పేరును నోటికి అనువుగా తిప్పుకుని ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. పాదుషా పేరులో రాముణ్ణి కూర్చోబెట్టిన ఆ చమత్కారం గురించి క్లాసులో చెబుతుంటే పిల్లల మొహాలు వికసిస్తాయి. నాకూ ఎంతో హాయిగా ఉంటుంది. కాని గంట కొట్టేలోగా రెండో ముక్క కూడా చెప్పవలసి వస్తుంది. 1565లో తక్కిన సుల్తానులతో చేతులు కలిపి, తనకు ఏడేళ్లు అన్నంపెట్టిన రామరాయలమీదికే యుద్ధానికి వెళ్లినవాడూ ఈ మల్కిభరాముడే.

గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్. తానాషా అంటేనే మనకు తెలుస్తుంది. 1672లో గద్దె ఎక్కాడు. రెండేళ్లు తిరిగేసరికి రాజ్యంలో పెద్ద అధికారం మాదన్న చేతికి వచ్చింది. ఒక ప్రభువు దగ్గర గుమాస్తాగా ఉండి లెక్కల్లో పైకి వచ్చిన బ్రాహ్మడు మీర్ జుమ్లా అయ్యాడు. అన్న అక్కన్న పక్కనే ఉన్నాడు. బెజవాడ కొండ కింద గుహలకు ఈనాటికీ ఆ అన్నదమ్ముల పేరే. గుహలు వారికంటే వెయ్యేళ్లయినా పాతవి, అది వేరే సంగతి.

ఆ రోజుల్లోనే గోపన్న కథ. మనం సినిమాల్లో, హరికథల్లో విన్న కథే. ఈ కథ విన్నప్పుడల్లా నాకొక సందేహం పుడుతుంది. రామదాసుగారి మీద నేరం ఏమిటి? రాముడికి గుడి కట్టడమా? కాదు. సర్కారు పన్ను వసూలుచేసి, ఖజానాకు జమకట్టకుండా గుడికి ఖర్చుపెట్టడం. తహసీలుదారుగారు భక్తుడే, కాని డబ్బు మాత్రం రైతులది. ఇవాళ ఏ తహసీలుదారయినా ఆ పని చేస్తే, గుడి కట్టినా, మసీదు కట్టినా, చర్చి కట్టినా మనం ఏమంటాం? భక్తులకు కోపం తెప్పించాలని అనడం లేదు. భద్రాచలం మాకూ ఇష్టదైవమే. రామలక్ష్మణులు తామే వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారని కదా కథ! ఆ కథ అల్లినవారికి లౌకిక జ్ఞానం ఎంత ఉందో చూడండి. దేవుడంతటివాడు కూడా సర్కారు బాకీని మాఫీ చేయించలేదు, తీర్చాడు. ఆ తరువాత సుల్తాను ముత్యాల తలంబ్రాలు పంపించే ఆచారం పెట్టాడని చెబుతారు. శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున పట్టుబట్టలూ ముత్యాలూ పంపే మర్యాద ఇప్పటికీ సాగుతూనే ఉంది.

ఇదంతా బాగుంది. ముసల్మాను సుల్తాను, బ్రాహ్మణ మంత్రి, రాముడికి ముత్యాలు. మన సభల్లో ఉపన్యాసకులు ఇక్కడ ఆగి చప్పట్లు కొట్టించుకుంటారు. నేనూ అనేకసార్లు ఇక్కడే ఆగాను. తరువాత జరిగింది చెప్పాలంటే నోరు రాదు. ఔరంగజేబుకు గోలకొండమీద ఉన్న ఫిర్యాదుల్లో, అవిశ్వాసుల చేతికి అధికారం ఇచ్చావన్నది పెద్ద ఫిర్యాదు. 1685లో మొగలు సైన్యం హైదరాబాదులో జొరబడింది. మాదన్నను తొలగిస్తేనే రాజీ అన్నారు. తానాషాకు ఇష్టం లేదు. కాని దర్బారులో గిట్టనివాళ్లు, అంతఃపురంలో గిట్టనివాళ్లు ఏకమయ్యారు. కొద్ది నెలల్లోనే అన్నదమ్ములిద్దరినీ గోలకొండ వీధిలో నరికేశారు. మాదన్న తలను మొగలుల శిబిరానికి కానుకగా పంపారు. అంత చేసీ రాజ్యం దక్కిందా అంటే అదీ లేదు. ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687 సెప్టెంబరులో కోట పడిపోయింది. తానాషా దౌలతాబాదు చెరలోనే పోయాడు. ఇంకో ముక్క. సాటి ముసల్మాను రాజ్యాలమీద ఈ యుద్ధం ధర్మసమ్మతం కాదని ఔరంగజేబు పెద్ద ఖాజీయే చెప్పి పదవి వదులుకున్నాడని చరిత్రకారులు రాశారు. అంచేత ఇందులో ఎవరి మతం ఎటువైపు ఉందో తూచబోయినవాడి త్రాసు నిలవదు.

ఆ రాత్రి నాకు తోచిందిది. మాదన్నకు పదవి ఇచ్చింది సుల్తాను దయ. ఆ దయకు పునాది సుల్తాను ఒక్కడే. సుల్తాను చేయి వణికిన రోజున మాదన్న తల నిలవలేదు. ‘మీ మొహం చూసి ఇస్తున్నాను’ అన్నారు మా ఇంజనీరుగారు. రేపు నా మొహం బాగుండకపోతే?

నిజాముల కాలంలోనూ ఇదే వరస. మహారాజా కిషన్ పర్షాద్ హిందువే, రెండుసార్లు రాజ్యంలో ప్రధాన పదవి నిర్వహించాడు. గుడులకు గ్రాంట్లు ఉండేవి. ఉంటే ఏం? 1938లో ఉస్మానియా హాస్టలు పిల్లలు ప్రార్థన వేళ వందేమాతరం పాడితే బయటికి గెంటారు. పి.వి. నరసింహారావుగారు నాగపూరు వెళ్లి చదువుకోవలసి వచ్చింది ఆ గొడవవల్లనే. ఆ సంవత్సరమే మతస్వాతంత్ర్యం కోసం ఆర్యసమాజంవారి సత్యాగ్రహం మొదలైంది. ప్రతి ముసల్మానూ ఏలికే అని కొందరు నినాదం చేస్తే, ఆ మాట నాకొద్దు, ఈ రాజ్యం భారతదేశంలో కలవాలి అని రాసిన ముసల్మానులూ ఉన్నారు. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ అలా రాసినందుకే 1948 ఆగస్టులో కాచిగూడ ప్రాంతంలో నడివీధిలో చంపబడ్డాడు. అప్పటికి ముప్పై ఏళ్లైనా లేవు.

ఇక్కడినుంచి నా ఆలోచన సముద్రం దాటింది. దాటడానికి కారణం ఉంది. మా వీధిలో ప్రతి రెండో ఇంట్లోనూ అమెరికాలో ఒక కొడుకో కూతురో ఉన్నారు. ఇంజనీరుగారి అబ్బాయి వర్జీనియాలో ఉన్నాడు. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు అతని పేరు విని ఎవరూ మొహం చిట్లించలేదని ఆయన సంతోషంగా చెప్పేవారు. ఆ వర్జీనియా ఊరికే అలా అవలేదు.

థామస్ జెఫర్సన్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసినవాడు, మూడో అధ్యక్షుడు. ఆయన తన సమాధిమీద ఏం చెక్కాలో తానే రాసిపెట్టుకున్నాడు. అందులో అధ్యక్ష పదవి ఊసే లేదు. మూడు పనులు చెక్కమన్నాడు. స్వాతంత్ర్య ప్రకటన, తాను స్థాపించిన విశ్వవిద్యాలయం, ఈ రెంటితోపాటు వర్జీనియా మతస్వాతంత్ర్య శాసనం. ఆ శాసనాన్ని 1777లో రాశాడు. సభలో నెగ్గడానికి తొమ్మిదేళ్లు పట్టి, స్నేహితుడు మాడిసన్ పూనికవల్ల 1786 జనవరిలో నెగ్గింది. చర్చలో కొందరు పీఠికలో ఏసుక్రీస్తు పేరు చేర్చుదామన్నారు. సభ ఒప్పుకోలేదు. ముసలితనంలో 1821లో స్వీయచరిత్ర రాసుకుంటూ జెఫర్సన్ ఆ సంగతి తలుచుకున్నాడు. ఆ పేరు తోసివేయడం ద్వారా శాసనం నీడ ఎవరెవరిమీద పడిందో వరసగా చెప్పాడు: యూదులు, క్రైస్తవులు, మహమ్మదీయులు, హిందువులు, ఏ నమ్మకమూ లేనివారు. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆనాటికి వర్జీనియాలో హిందువును చూసినవాడు ఎందరుంటారు? కంటికి కనబడనివాడికి ముందుగానే కుర్చీ వేసిపెట్టారు.

ఈయనకు ఇస్లాం అంటే ప్రీతి అనుకుంటారేమో, అదేమీ లేదు. లా చదువుకుంటున్న రోజుల్లో, 1765లో, ఇంగ్లీషు ఖురాను ఒకటి కొన్నాడు. చదివాడు. స్వేచ్ఛగా ప్రశ్నించడాన్ని ఆ మతం అణచివేసిందని విమర్శించాడు. క్యాథలిక్కులను కూడా అదే నోటితో విమర్శించాడు. అధ్యక్షుడయ్యాక ట్రిపోలీతో యుద్ధమూ చేశాడు. మరోపక్క 1805 డిసెంబరులో ట్యునీసియా రాయబారి రంజాను ఉపవాసంలో ఉన్నాడని, మూడున్నరకు పెట్టవలసిన విందును సూర్యాస్తమయానికి మార్పించాడు. అదీ ఇంటికి వచ్చిన అతిథికి చేసే మర్యాద, మనకూ తెలిసిన మర్యాదే. విందు మాత్రం ఆయన ఇష్టం, పెట్టినా పెట్టకపోయినా అడిగేవాడు లేడు. శాసనం ఆయన ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేనిది. తనకు నచ్చని మతంవాడికి కూడా అధికారంలో చోటుండాలన్నాడంటే, అది ప్రేమతో అన్న మాట కాదు కాబట్టే దానికి విలువ ఎక్కువ అనిపిస్తుంది నాకు.

1787లో వాళ్ల రాజ్యాంగం రాసినప్పుడు, ఏ పదవికీ మతపరీక్ష ఉండరాదని ఆరో అధికరణంలో ఒక వాక్యం పెట్టారు. ఆ వాక్యంమీద రేగినంత గొడవ వినడానికి వినోదంగా ఉంటుంది. 1788 జులైలో ఉత్తర కరోలినా సభలో, అయితే మహమ్మదీయులు కూడా పదవుల్లోకి వస్తారా అని కొందరు బెంబేలెత్తారు. నాలుగైదు వందల ఏళ్లలో అధ్యక్షుడి కుర్చీలో ముసల్మాను కూర్చున్నా కూర్చోవచ్చునని ఒక సభ్యుడు భయపెట్టాడు. ఇలాంటి భయాలకు అదే సభలో జేమ్స్ ఐర్‌డెల్ అనే ఆయన నెమ్మదిగా జవాబు చెప్పాడు. ఏ ఒక్క వర్గాన్ని బయటికి నెట్టాలన్నా, మనం పెట్టుకున్న మతస్వాతంత్ర్యాన్నే నెట్టవలసి వస్తుంది గదా అని. 1797లో ట్రిపోలీతో చేసుకున్న సంధిలో, తమ ప్రభుత్వం క్రైస్తవమతంమీద స్థాపించినది కాదని విడమరచి రాసుకున్నారు కూడా. ఆ సంధిని సెనేటు ఏకగ్రీవంగా ఆమోదించింది.

కాని పొగడ్త ఇక్కడ ఆపాలి. ముసల్మాను వస్తాడేమోనని ఉత్తర కరోలినా పెద్దలు భయపడుతున్న కాలానికే, ఆఫ్రికానుంచి సంకెళ్లతో తెచ్చిన ముసల్మానులు వాళ్ల పొలాల్లో పనిచేస్తున్నారు. ఒమర్ ఇబ్న్ సయ్యద్ అనే చదువుకున్న మనిషిని 1807లో తెచ్చి అమ్మారు. అతను పారిపోయి ఉత్తర కరోలినాలో పట్టుబడి, జైలు గోడలమీద అరబ్బీలో రాశాడు. తరువాత 1831లో తన జీవితకథను అరబ్బీలోనే రాసుకున్నాడు. బానిసగానే చనిపోయాడు. జెఫర్సన్ జీవితంలో ఆరు వందలమందికి పైగా బానిసలుండేవారు. ఆయన ఖురానూ, ఒమర్ కథా ఇవాళ వాషింగ్టనులో ఒకే గ్రంథాలయంలో ఉన్నాయి. నేనే గనుక ఆ గ్రంథపాలకుణ్ణయితే రెంటినీ పక్కపక్కన పెడతాను.

జార్జి వాషింగ్టను మాట ఒకటి నా అమ్మాయి మాటకు దగ్గరగా ఉంది. 1790లో న్యూపోర్టు ఊళ్లోని యూదులు ఆయనకు స్వాగతపత్రం ఇచ్చారు. జవాబులో ఆయన రాసిన దాని సారాంశం ఇది. ఒక వర్గం దయదలచి ఊరుకుంటే ఇంకో వర్గం తన సహజమైన హక్కులు అనుభవిస్తోందన్న తీరులో ‘సహనం’ అనే మాటను ఇకమీదట వాడనక్కరలేదు. మా వీధి మలుపు దగ్గర సిద్దిపేట పిల్ల పదిమాటల్లో తేల్చేసిన సంగతిని వాషింగ్టనుగారు పెద్ద ఉత్తరంలో చెప్పారన్నమాట. ఇంటి విషయంలోనూ ఈయన ఒక ఉత్తరం రాశాడు. 1784లో తన ఇంటికి వడ్రంగీ తాపీమేస్త్రీ కావాలని స్నేహితుణ్ణి అడుగుతూ, పని తెలిసినవాళ్లయితే ఏ ఖండంవాళ్లయినా సరే, మహమ్మదీయులైనా, యూదులైనా, ఏ క్రైస్తవశాఖవారైనా, నాస్తికులైనా సరే అన్నాడు. ఆ ఇంట్లో పనిచేసే మిగతావాళ్లు చాలామంది బానిసలేనన్నది కూడా మరిచిపోకూడదు.

కాగితంమీది మాట ఫలించడానికి ఎంతకాలం పడుతుందో చూడండి. పక్కనున్న మేరీలాండు రాష్ట్రంలో 1776నాటి రాజ్యాంగం ప్రకారం క్రైస్తవమతంలో విశ్వాసం ప్రకటిస్తేనే పదవి. యూదులకు ఆ తలుపు తెరుచుకున్నది 1826లో. దేవుణ్ణి నమ్ముతానని చెప్పనివాడికి నోటరీ పని కూడా ఇవ్వమన్నారు, నోటరీ అంటే కాగితాలమీద ముద్ర వేసేవాడే. 1961లో సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదంది. అదే మేరీలాండుకు 2023లో అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. హైదరాబాదులో పుట్టిన తెలుగు ఆడపడుచు. భగవద్గీతమీద చేయిపెట్టి ప్రమాణం చేశారు. 2025 నవంబరులో జెఫర్సన్‌గారి వర్జీనియాలోనే అదే పదవికి గజాలా హష్మీ ఎన్నికయ్యారు. ఆమెదీ హైదరాబాదే, కాలేజీలో పాఠాలు చెప్పినావిడే. ఇద్దరూ 1964లో పుట్టినవారే. ఒకరు హిందువు, ఒకరు ముసల్మాను. జెఫర్సన్ 1821లో వరసగా రాసిన జాబితాలో పక్కపక్కనున్న రెండు మాటలు, మన ఊరినుంచి మనుషులై వెళ్లి కూర్చున్నట్టుంది.

మనవాళ్ల సంగతి? 1949 అక్టోబరు 17న మన రాజ్యాంగసభలో కామత్‌గారు పీఠికను దేవుని పేరుతో మొదలుపెడదామని సవరణ తెచ్చారు. భక్తిపరులే కొందరు లేచి, ఇది నమ్మనివాడిమీద బలవంతం గదా అన్నారు. ఓట్లు తీస్తే కావాలన్నవారు 41 మంది, వద్దన్నవారు 68 మంది. ఆపైన నవంబరు 23న నిజాంగారు ఫర్మానా ఇచ్చి ఆ రాజ్యాంగమే హైదరాబాదుకూ వర్తిస్తుందన్నారు. ఎంతటి ఫర్మానా అది! దయతో నడిచిన రాజ్యంలో, దయతో ఇక పనిలేదని దయచేసిన చివరి ఫర్మానా అనుకోవచ్చు. సర్కారు కొలువులో మతం చూడరాదని పదహారో అధికరణం చెప్పింది. ప్రమాణం చేసేవాడు ఈశ్వరుని పేర చేయవచ్చు, అంతఃకరణ సాక్షిగానూ చేయవచ్చు. ఉత్తర కరోలినాలో నాలుగైదు వందల ఏళ్లు గడువుపెట్టిన సంగతి మన దగ్గర పదిహేడేళ్లలో జరిగింది. 1967 మేలో రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన జాకిర్ హుసేన్‌గారు పుట్టింది హైదరాబాదులోనే.

మరునాడు పొద్దున నడకలో ఇదంతా ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. చివరికి, “నిజమే మాస్టారూ, కాని రాజ్యాంగం సర్కారుకి గాని, నా ఇంటికి కాదు గదా” అన్నారు. చట్టం తెలిసిన మాటే. ఇల్లు ఎవరికి అద్దెకివ్వాలో ఆయన్ని పదహారో అధికరణం అడగదు. నాకు సమాధానం తోచలేదు. కాసేపయ్యాక, “మీ అబ్బాయికి వర్జీనియాలో ఇల్లు ఇచ్చినాయన కూడా ఎవరి మొహమైనా చూసి ఇచ్చాడంటారా?” అని మాత్రం అడిగాను. ఆయన మాట్లాడలేదు. ఇద్దరం ఆవేళ ఒక చుట్టు తక్కువ నడిచాం. స్నేహం పోలేదు లెండి. కాని సాయంత్రం దేశాన్ని బాగుచేసే కార్యక్రమానికి రెండు రోజులు విరామం ఇచ్చాం.

ఇంటికి వచ్చి ఆయన జవాబును మా ఆవిడకు చెప్పి, మనుషులు ఎంత చదువుకున్నా ఇంతే అని నిట్టూర్చాను. ఆమె వంటింట్లోనుంచే అడిగింది:

“ఏమండీ, అమ్మాయిని వీధి చివరిదాకా తీసుకెళ్లారు గదా. మన మేడమీది గది ఎందుకు చూపించలేదు?”

నేను పుస్తకాలున్నాయన్నాను. పుస్తకాలు కిందికి దింపవచ్చునంది. చాలా పుస్తకాలన్నాను. అవునంది. ఇంక నేనేమీ అనలేదు. అబద్ధమాడి లాభంలేదు. ఆ గది సంగతి నాకసలు తోచనే లేదు. ఎందుకు తోచలేదో నాకు తెలుసు. చదివేవారికీ తెలిసే ఉంటుంది.

అమ్మాయికి ఫోను చేశాను. పటాన్‌చెరువు దగ్గర ఎవరో వితంతువు ఇంట్లో గది దొరికిందట, అడ్వాన్సు కూడా ఇచ్చేసిందట. “దూరం గద సార్, ఐతేంది, అమీన్‌ఖాన్ ఊరే” అంది. నా గది సంగతి చెప్పబోయి ఆగిపోయాను.

రెండు రోజులు పట్టింది పుస్తకాలు దింపడానికి. వసారా అంతా పుస్తకాలే, నడిచే దారి లేదు. ఆదివారం ఒక కాగితం తీసుకుని గది అద్దెకు ఉన్నదని రాశాను. అద్దె ఎంతో, అడ్వాన్సు ఎంతో, మంచినీళ్లు ఏ వేళకు వస్తాయో రాశాను. మా ఆవిడ తీసుకుని చదివింది, చివరి పంక్తి దగ్గర ఒక క్షణం ఆగింది, అన్నం మెతుకులు పెట్టి తానే గేటుకు అంటించింది. నిన్న సాయంత్రం ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. అద్దె కొంచెం తగ్గించమంటున్నారు.